హారం దగ్గరే మొదలైంది

అమెరికాలో స్టాటిస్టిక్స్ ఎం.ఎస్. రెండో ఏడాది చదువుతున్నప్పుడు మా యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు లెక్కలు చూసిపెట్టే పనికి ఒప్పుకున్నాను. జీతం లేదు. ప్రాక్టీసు సమయంలో కోర్టు పక్కన ఒక కుర్చీ, ల్యాప్‌టాప్, అప్పటిదాకా ఆడిన ఆటల బాక్స్ స్కోర్లు (ఆటలో ఎవరు ఏం చేశారో చూపే అంకెల పట్టికలు) ఇచ్చారు. డిసెంబరు చివరి వారంలో అసిస్టెంట్ కోచ్ నాకు అప్పగించిన ప్రశ్న ఒకటే: “మన డిఫెన్స్ ఇంత బలహీనంగా ఎందుకుంది?”

ఆయన చేతిలో ఉన్న ఆధారం ఆటకు సగటున ప్రత్యర్థులకు ఇస్తున్న పాయింట్లు. మా కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి) పట్టికలో ఆ వరుసలో మేం దాదాపు అట్టడుగున ఉన్నాం. నేనూ మొదటి రాత్రి ఆ అంకెను నమ్మే కూర్చున్నాను. ఆటగాళ్ల వారీగా, నెలల వారీగా, సొంత కోర్టు, బయటి కోర్టు అంటూ ఎన్నో రకాలుగా విడదీశాను. అన్నిటి కిందా ఉన్న హారం మాత్రం ‘ఒక ఆట’. కాలేజీ పురుషుల ఆట ఎవరికైనా 40 నిమిషాలే, షాట్ వేయడానికి గడువు చూపే షాట్ క్లాక్ ఎవరికైనా 30 సెకన్లే. అయినా ఒక జట్టు పరుగెత్తి పది సెకన్లకే షాట్ వేస్తుంది, మరో జట్టు క్లాక్ చివరిదాకా బంతిని తిప్పుతూనే ఉంటుంది. ఒక జట్టు చేతికి బంతి వచ్చినప్పటి నుంచి ఎదుటి జట్టుకు పోయేదాకా సాగేది ఒక పొసెషన్. 78 పొసెషన్ల ఆటలో 78 పాయింట్లు ఇచ్చిన జట్టు, 60 పొసెషన్లలో 66 ఇచ్చిన జట్టుకంటే బాగా కాపాడినట్టే. మొదటిది పొసెషన్‌కు 1.0 ఇచ్చింది, రెండోది 1.1 ఇచ్చింది. పట్టికలో మాత్రం రెండోదే పైన కనిపిస్తుంది. మా జట్టు పరుగెత్తే రకం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. నార్త్ కరోలినాలో ప్రధాన కోచ్‌గా పేరు తెచ్చుకున్న డీన్ స్మిత్, ఇంకా సహాయ కోచ్‌గా ఉన్న 1950ల చివరికే ఆటను పొసెషన్ల లెక్కన చూసేవారు. అరవై ఏళ్ల తర్వాత కూడా టీవీ తెర మీద ఆటకు సగటు పాయింట్లే వస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చిక్కేమిటంటే బాక్స్ స్కోరులో పొసెషన్ల సంఖ్య ఉండదు, మనమే అంచనా కట్టాలి. పడినా పడకపోయినా వేసిన షాట్లన్నిటి నుంచి అఫెన్సివ్ రీబౌండ్లు (షాట్ తప్పాక దాడి చేసే జట్టే తిరిగి అందుకున్న బంతులు) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతులు) కలిపి, ఫ్రీ త్రోలలో (ఎదుటివారి ఫౌల్ వల్ల దక్కే అడ్డులేని షాట్లు) 0.475 వంతు కలపాలి. ఫ్రీ త్రోలు చాలావరకు జంటగా వస్తాయి, కొన్ని బుట్టలో పడ్డ షాట్‌కు అదనంగా వస్తాయి కాబట్టి సగానికి కాస్త తక్కువ గుణకం వాడతారు. 60 షాట్లు, 10 అఫెన్సివ్ రీబౌండ్లు, 14 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు ఉంటే 73.5 పొసెషన్లు వస్తాయి. ఒక జట్టు చేతిలో బంతి అయిపోతే రెండో జట్టుకు వెళ్తుంది కాబట్టి, ఒకే ఆటలో రెండు జట్ల పొసెషన్లు దాదాపు సమానంగా ఉండాలి. సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఆ పద్ధతే నా తప్పును పట్టించింది. కొన్ని ఆటల్లో రెండు వైపులా ఏడెనిమిది పొసెషన్ల తేడా వచ్చింది. రెండు రోజులు సూత్రాన్ని అనుమానించాను. లోపం నేను అంకెలు ఎక్కించిన తీరులో ఉంది. ఆటగాళ్ల వరుసలను మాత్రమే కూడాను. వాటి కింద ‘టీమ్’ అని ఒక వరుస ఉంటుంది. ఎవరి చేతికీ చిక్కకుండా గీత దాటినా తిరిగి దాడి చేసే జట్టుకే దక్కిన బంతి ఆ వరుసలో రీబౌండ్‌గా చేరుతుంది. షాట్ క్లాక్ అయిపోయి బంతి పోయినప్పుడు టర్నోవర్ కూడా అక్కడే పడుతుంది. ఆ వరుస కలిపాక తేడాలు రెండు మూడుకు తగ్గాయి. ఈ పనిలో దిగేవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే: ఏ విశ్లేషణకైనా ముందు రెండు వైపుల పొసెషన్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కొత్త హారంతో భాగించగానే బొమ్మ మారింది. మా డిఫెన్స్ కాన్ఫరెన్స్‌లో నడిమధ్యన ఉంది. గొప్పగా లేదు, కానీ అట్టడుగున అసలే లేదు. మరి ఓటములు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

2004లో బాస్కెట్‌బాల్ గణాంక విశ్లేషకుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు అంశాలతో వెతకడం మొదలుపెట్టాను. షూటింగ్, టర్నోవర్లు, అఫెన్సివ్ రీబౌండ్లు, ఫ్రీ త్రోలు. వీటికి ఆయన వేసిన తూకం వరుసగా 40, 25, 20, 15 శాతం. షూటింగ్ లెక్కలో త్రీ పాయింటర్‌కు (దూరపు గీత అవతలి నుంచి వేసే, రెండుకు బదులు మూడు పాయింట్ల షాట్) ఒకటిన్నర షాట్ విలువ ఇస్తారు. మన వైపు నాలుగు, ఎదుటివారి వైపు నాలుగు, మొత్తం ఎనిమిది అంకెలు. వాటితో పాయింట్ల తేడాకు రిగ్రెషన్ (కొన్ని అంకెలతో మరో అంకెను వివరించే గణాంక పద్ధతి) కడితే దాదాపు మొత్తం తేడా వివరణకు లొంగిపోయింది. ఎంతో సంతోషంగా మా ప్రొఫెసర్‌కు చూపించాను. ఆయన నెమ్మదిగా, “స్కోరు అనేది ఈ ఎనిమిది అంకెల కూడికే కదా, నువ్వు కూడికను కూడికతో వివరించావు” అన్నారు. నిజమే. ఆ అంశాలు స్కోరు ఏ దారిలో వచ్చిందో చెబుతాయి, ఆ దారి ఎందుకు పట్టిందో చెప్పవు. ఆ ‘ఎందుకు’ కోసం ఇంకా లోపలికి వెళ్లాల్సి వచ్చింది.

ఇంతలో హెడ్ కోచ్ దగ్గరి నుంచి ఇంకో ఒత్తిడి వచ్చింది. ప్రత్యర్థులు మా మీద త్రీ పాయింటర్లను అసాధారణ శాతంలో బుట్టలో పడేస్తున్నారు, జోన్ డిఫెన్స్ (ఆటగాడిని కాకుండా కోర్టులో ఒక్కో చోటును కాపాడే పద్ధతి) పూర్తిగా వదిలేద్దామని ఆయన ఆలోచన. ఇక్కడ నేను గట్టిగా అడ్డుపడ్డాను. 34 శాతం బుట్టలో పడేసే జట్లు 200 త్రీ పాయింటర్లు ప్రయత్నిస్తే, కేవలం అదృష్టం వల్లనే ఆ శాతం అటూ ఇటూ మూడు శాతం పాయింట్లకు పైగా కదలడం మామూలే. దానికి రెట్టింపు కదిలినా మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు. ప్రత్యర్థి ఎన్ని త్రీలు వేయాలన్నది డిఫెన్స్ చేతిలో చాలావరకు ఉంటుంది, వేసినవాటిలో ఎన్ని పడతాయన్నది అంతగా ఉండదని కాలేజీ ఆటను ఏళ్ల తరబడి లెక్కగట్టిన కెన్ పామరాయ్ చూపించారు. ఒక్క ఆటలో ఇది ఎంత దూరం పోగలదో 2018 మార్చిలో అందరూ చూశారు. జాతీయ కాలేజీ టోర్నమెంటు మొత్తానికి నంబర్ వన్ సీడ్‌గా (ముందుగా ఇచ్చే ర్యాంకు) వచ్చిన వర్జీనియా జట్టు, తన విభాగంలో అట్టడుగున పదహారో సీడ్‌గా ఉన్న యూఎంబీసీ (యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్, బాల్టిమోర్ కౌంటీ) చేతిలో 74-54 తేడాతో ఓడింది. సగం ఆటకు స్కోరు 21-21. ఆ రాత్రి యూఎంబీసీ ప్రయత్నించిన 24 త్రీలలో 12 పడ్డాయి, వర్జీనియావి 22లో 4 పడ్డాయి. మరుసటి ఏడాది అదే వర్జీనియా జాతీయ చాంపియన్ అయింది. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి హెడ్ కోచ్ బల్ల మీద పెట్టాను. జోన్ మిగిలింది. ప్రత్యర్థుల శాతం ఫిబ్రవరికి దానంతట అదే దిగివచ్చింది.

అంత నమ్మకం వచ్చాక నేను తొందరపడ్డాను. ఒక రిజర్వు ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు మేం బాగా వెనకబడుతున్నామని ప్లస్ మైనస్ లెక్క (ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు రెండు జట్ల పాయింట్ల తేడా) చూపించింది. అతని నిమిషాలు తగ్గించమని రాసి ఇచ్చాను. అసిస్టెంట్ కోచ్ చదివి, “వాడు ఎవరితో కలిసి దిగుతాడో చూశావా?” అని అడిగారు. చూడలేదు. అతను ఎప్పుడూ మరో రిజర్వు ఆటగాడితో జంటగానే దిగుతాడు, అదీ ఎదుటి జట్టు అసలు అయిదుగురు ఆడుతున్నప్పుడు. ఇద్దరిలో ఎవరి ప్రభావం ఎంతో విడదీయడానికి నా దగ్గరున్న కొద్దిపాటి పొసెషన్లు ఏ మూలకూ చాలవు. ఒక కుర్రాడి నిమిషాలు, బహుశా అతని స్కాలర్‌షిప్ మాట కూడా, ఆ కాగితం మీద ఆధారపడి ఉండవచ్చు. ఆ రోజు నుంచి ఏ ఆటగాడి గురించి రాసినా పక్కన అనిశ్చితి ఎంతో రాయకుండా ఇవ్వలేదు.

చివరికి ‘ఎందుకు’ దొరికింది ప్లే బై ప్లే రికార్డులో, అంటే ఆటలో జరిగిన ప్రతి ఘటననూ వరుసగా రాసిన జాబితాలో. ప్రత్యర్థుల పొసెషన్లన్నిటినీ అవి ఎలా మొదలయ్యాయన్న దాన్నిబట్టి విడదీశాను. మేం బుట్ట వేశాక మొదలైనవి, మా షాట్ తప్పి రీబౌండ్‌తో మొదలైనవి, బంతి గీత దాటాక మొదలైనవి, మా చేతుల్లోంచి దొంగిలించడంతో మొదలైనవి. మొదటి మూడు రకాల్లో మా డిఫెన్స్ బాగుంది. నాలుగో రకంలో ప్రత్యర్థులు అడ్డూ ఆపూ లేకుండా లేఅప్‌లు (బుట్ట దగ్గరికి వెళ్లి వేసే తేలిక షాట్లు) వేసుకుంటున్నారు. అలాంటప్పుడు వెనక్కి పరుగెత్తి కాపాడే సమయం ఏ జట్టుకూ ఉండదు. అంటే డిఫెన్స్ ఖాతాలో రాస్తున్న నష్టంలో పెద్ద భాగం మా దాడిలోనే పుడుతోంది. టర్నోవర్ల మొత్తం సంఖ్యలో ఇది కనిపించదు, ఎందుకంటే బంతి గీత దాటిపోయినా టర్నోవరే, చేతిలోంచి లాక్కున్నా టర్నోవరే.

ఆ తర్వాతి పని వీడియో గదిలో. నేనూ అసిస్టెంట్ కోచ్ దొంగిలించిన బంతులన్నీ ఒక్కొక్కటిగా చూశాం. ఏ పాస్, కోర్టులో ఎక్కడ నుంచి ఎక్కడికి, షాట్ క్లాక్‌లో ఎన్ని సెకన్లు మిగిలాయి అని నేను స్ప్రెడ్‌షీట్‌లో రాస్తూ పోయాను. మూడో రోజుకు ఆయనే నాకంటే ముందు చెప్పేస్తున్నారు: ఒక పక్క నుంచి ఎదుటి పక్కకు కోర్టుకు అడ్డంగా విసిరే పొడవాటి పాస్. దాని బదులు పొడగరి ఆటగాడు మధ్యకు ముందుకొచ్చి బంతి అందుకుని మళ్లించేలా ప్రాక్టీసులో మార్చారు. ఫలితం కనిపించింది, కానీ మిగిలినవి కొద్ది ఆటలే. అందుకే అది మా మార్పు వల్లనే జరిగిందని నా నివేదికలో రాయలేదు.

మార్చిలో కాన్ఫరెన్స్ టోర్నమెంటు రెండో రౌండులో ఓడిపోయాం. తిరిగి వస్తున్న బస్సులో చీకట్లోనే ల్యాప్‌టాప్ తెరిచి పొసెషన్లు లెక్కగట్టాను. రెండు వైపులా ఒక్కటే తేడా. ముందు సీట్లోంచి అసిస్టెంట్ కోచ్ వెనక్కి తిరిగి, “మన దగ్గర ఎన్ని దొంగిలించారు?” అని అడిగారు. “నాలుగు” అన్నాను. ఆయన తలూపి మళ్లీ కిటికీ వైపు తిరిగారు.