12 గుడ్లు, 21 రోజులు, ఆపైన 8 వారాలు: నాటుకోడిని పొదగేసిన నా అనుభవం

మాది నూజివీడు వైపు మెట్టలో అరెకరం తోట. నాలుగు మామిడి చెట్లు, ఆరు కూరగాయ మడులు, 9 పెట్టలు, ఒక పుంజు. ఇంత చిన్న మందకి పొదిగే యంత్రం దండగ అని నా లెక్క. పొదుగుకి వచ్చిన పెట్ట ఒక్కటుంటే చాలు, గుడ్లు తిప్పక్కర్లేదు, తేమ కొలవక్కర్లేదు, కరెంటు పోయిందని కంగారు పడక్కర్లేదు. మన వంతు పని చాలావరకు తేదీలు రాసుకోవడం, తడి తగలకుండా చూడటం. ఈ కార్తీకంలో 12 గుడ్లు పొదగేశాను. పిల్లలు రెండు నెలలవి అయ్యేదాకా ఏం చేశానో, ఎక్కడ తేడా కొట్టిందో రాస్తున్నాను.

ముందు పెట్ట సంగతి. వనరాజా, గ్రామప్రియ లాంటివి పెంచేవాళ్లు పెట్ట పొదుగుతుందని ఆశించొద్దు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన ఈ రకాల్లో పొదుగు లక్షణం దాదాపు పోయింది. గుడ్లు ఎక్కువ రావాలంటే అది పోవాల్సిందే, పొదుగుకి కూర్చున్న కోడి గుడ్డు పెట్టదు కదా. నాటు పెట్టలు, అసీల్ పెట్టలు మాత్రం చక్కగా కూర్చుంటాయి. అసీల్ బరువైంది, ఒక్కోసారి పల్చటి పెంకు గుడ్లను తొక్కి పగలగొడుతుంది. అందుకని నేను మధ్యరకం నాటు పెట్టనే ఎంచుకుంటాను, అదీ ఇంతకుముందు ఒకసారి పిల్లల్ని లేపిన దాన్ని.

పొదుగుకి వచ్చిందని ఎలా తెలుస్తుంది? గూట్లోంచి లేవదు, చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బించి పొడుస్తుంది, రొమ్ము కింద ఈకలు రాలి చర్మం వేడిగా తగులుతుంది. పగలు కూర్చుని రాత్రి దండె (కోళ్లు నిద్రపోయే కర్ర) ఎక్కేస్తే అది ఇంకా పొదుగు కాదు. రెండు డమ్మీ గుడ్లు పెట్టి మూడు రాత్రులు చూస్తాను. మూడో రాత్రీ కదలకుండా ఉంటేనే అసలు గుడ్లు.

ఆ మూడు రోజుల్లోనే పేలు చూసుకోవాలి. రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి చూస్తే పాకుతూ కనిపిస్తాయి. పేలున్న కోడి పదో రోజుకో పన్నెండో రోజుకో దురద భరించలేక గూడు వదిలేస్తుంది. అప్పటికి గుడ్లలో పిల్ల సగం తయారై ఉంటుంది, మొత్తం పోతాయి. పొయ్యి బూడిద, పొడి ఇసుక సగం సగం కలిపి ఒక తొట్టెలో పోస్తే అదే పొర్లి దులుపుకుంటుంది. గూట్లో గడ్డి కింద వావిలాకు పరుస్తాను.

గుడ్లకి వద్దాం. 9 పెట్టలకి ఒక పుంజు సరిపోతుంది. కొత్త పుంజుని తెస్తే మాత్రం పది రోజులు ఆగి ఆ తర్వాత పెట్టిన గుడ్లే దాచాలి. వారం లోపు గుడ్లే పొదగేయాలి, పది రోజులు దాటితే పిల్ల లేచే అవకాశం బాగా తగ్గుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినవి పనికిరావు. తడి ఇసుక మీద ఖాళీ కుండ పెట్టి, అందులో పొడి ఊక పోసి, గుడ్డు లావు వైపు పైకి ఉండేలా నిలబెడతాను. రెట్ట అంటిన గుడ్డుని కడగొద్దు. పెంకు మీద కంటికి కనిపించని పూత ఉంటుంది, కడిగితే అది పోయి క్రిములు లోపలికి దిగుతాయి. అంటినది కొంచెమైతే పొడి గుడ్డతో తుడుస్తాను, ఎక్కువైతే కూరకి వాడేస్తాం. మరీ చిన్నవి, మరీ పొడుగ్గా ఉన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి కూడా వంటింటికే.

గూడుకి పాత వెదురు గంప తీసుకుని, అడుగున 4 అంగుళాలు పొడి ఇసుక, బూడిద కలిపి పోసి, మధ్యలో చేత్తో గుంట చేసి, పైన వరిగడ్డి వేశాను. గుంట మరీ లోతైతే గుడ్లు ఒకదాని మీదొకటి పడతాయి, చదునుగా ఉంటే అంచులకి జారి చల్లారతాయి. మా వైపు పెద్దవాళ్లు ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుప ముక్క, బొగ్గు వేస్తారు. ఇనుము సంగతి నాకు తెలియదు, వేసినందుకు నష్టమైతే లేదు. గుడ్లు మురగడానికి నేను చూసిన కారణాలు వేరు: కడిగిన గుడ్డు, పెంకు చీలిన గుడ్డు, తడిసిన గడ్డి.

12 గుడ్ల మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, చీకటి పడ్డాక అన్నీ ఒకేసారి కోడి కింద సర్దాను. గుర్తు ఎందుకంటే మిగతా పెట్టలు వచ్చి అదే గంపలో గుడ్లు పెట్టిపోతాయి. వాటిని రోజూ తీసేయకపోతే ఒక్కోటి ఒక్కో రోజుకి తయారై, మొదటి పిల్లలు లేవగానే తల్లి గూడు దిగిపోతుంది, మిగతావి పాడవుతాయి. నాకు 12 సరిపోయాయి. చిన్న పెట్టకి 9 చాలు. చలికాలం అయితే ఒకటి రెండు తగ్గించాలి, అంచు గుడ్లకి ఒంటి వేడి అందదు.

రోజుకోసారి, ఎక్కువగా పొద్దున్నే, అది దిగి తిని, తాగి, పెద్ద కంపు రెట్ట వేసి, దుమ్ములో పొర్లి 15, 20 నిమిషాల్లో తిరిగి ఎక్కుతుంది. జొన్నలు, మొక్కజొన్నలు, నీళ్లు గంపకి నాలుగడుగుల దూరంలో పెట్టాను. మరీ పక్కనే పెడితే కూర్చునే తిని గూట్లోనే రెట్ట వేస్తుంది. రెండు రోజులైనా దిగకపోతే మెల్లగా ఎత్తి దించాలి. అయితే ముందు రెక్కల కింద చెయ్యి పెట్టి చూసుకోండి, అక్కడ ఇరుక్కున్న గుడ్డు జారిపడి పగిలేది అప్పుడే.

ఏడో రోజు రాత్రి గుడ్లు వెలుతురులో చూశాను. ఫోను టార్చి మీద అట్టముక్కని గొట్టంలా చుట్టి పెట్టి, దాని మీద గుడ్డు లావు వైపు ఆనిస్తే లోపల కనిపిస్తుంది. మధ్యలో నల్ల చుక్క, దాని నుంచి సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు ఉంటే పిల్ల ఉన్నట్టు. ఏమీ లేకుండా పసుపుగా వెలిగితే ఖాళీ గుడ్డు. నరాలు లేకుండా ఎర్రటి గీత ఉంగరంలా కనిపిస్తే మొదలై చచ్చిపోయింది. నాకు రెండు ఖాళీలు, ఒక ఉంగరం తేలాయి. తీసేయకపోతే ఆ ఉంగరం గుడ్డు మురిగి, గూట్లో పగిలి, మిగతావాటి పెంకు మీదంతా పరుచుకునేది. 14వ రోజు మళ్లీ చూస్తే 9 గుడ్లలోనూ లావు వైపు గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా నిండింది. 18వ రోజు నుంచి ముట్టుకోవద్దు. అప్పటికి పిల్ల ముక్కు గాలి గది వైపు తిప్పుకుని ఉంటుంది.

20వ రోజు సాయంత్రం మొదటి పెంకు చిట్లింది. చిట్లిన దగ్గర్నుంచి పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, ఈ సమయంలో చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టం. పెంకు మనం ఒలిస్తే లోపలి పొరలో ఇంకా నెత్తురు పారే నరాలు తెగుతాయి, బొడ్డు దగ్గర పచ్చసొన పూర్తిగా లోపలికి వెళ్లి ఉండదు. అలా తీసిన పిల్ల సాధారణంగా బతకదు.

21వ రోజు మధ్యాహ్నానికి ఆరు లేచాయి. తల్లి ఆరింటిని వెంటేసుకుని గంప దిగిపోయింది, ఇంకా మూడు గుడ్లు మిగిలాయి, రెండింటికి చిట్లు ఉంది. ఆ మూడింటినీ అట్టపెట్టెలో పాత గోనె మీద పెట్టి, పక్కన తడిగుడ్డ ఉంచి, పైన బల్బు వేలాడదీశాను. గంట తర్వాత చూస్తే గుడ్లు చల్లగానే ఉన్నాయి. నేను పెట్టింది ఎల్‌ఈడీ బల్బు. అది వెలుగే ఇస్తుంది కానీ వేడి ఇవ్వదు. ఫిలమెంటు ఉన్న పాత 60 వాట్ల బల్బు ఒకటి మోటారు గదిలో దొరికింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు అవి కొట్లలో తేలిగ్గా దొరకడం లేదు, ముందే రెండు కొని దాచుకోండి. చిట్లిన రెండూ తెల్లారేసరికి లేచాయి, ఒళ్లు ఆరాక రాత్రి చీకట్లో తల్లి కిందికి తోశాను. పగలు వదిలితే కొత్త పిల్లని పొడుస్తుంది. చిట్లని గుడ్డుని 23వ రోజు దాకా చూసి పాతేశాను.

తల్లి లేకుండా పిల్లల్నే పెంచేవాళ్లకి ఒక మాట. మొదటి వారం 35 డిగ్రీలు, ఆపైన వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటరు కన్నా పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద గుట్టగా పడి అరుస్తుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి, అన్నీ ఒకే పక్కకి చేరితే మరో పక్క నుంచి గాలి కొడుతోందన్నమాట. కరెంటు పోతే కుండలో నిప్పులు పెట్టే పద్ధతి ఉంది, తలుపులన్నీ బిగించి మాత్రం పెట్టొద్దు, ఆ పొగగాలికే పిల్లలు చస్తాయి. కింద ఉత్త న్యూస్ పేపరు వేస్తే కాళ్లు జారి పక్కలకి విడిపోతాయి, గోనె పట్టా మేలు.

లేచిన పిల్లకి కడుపులో పచ్చసొన ఉంటుంది, ఒక రోజు మేత లేకపోయినా ఏం కాదు. ముందు నీళ్లే, లీటరుకి రెండు చెంచాల బెల్లం కలిపి. లోతు పళ్లెం పెడితే మునిగి చస్తాయి. పళ్లెంలో గులకరాళ్లు నింపి, సందుల్లో మాత్రమే నీళ్లు ఉండేలా చూశాను. తర్వాత నూకలు, మొక్కజొన్న రవ్వ, మూడో రోజు నుంచి పిల్లల దాణా. ఎనిమిది పిల్లలూ మొదటి వారం రోజుకి వంద గ్రాములు కూడా తినవు. గుడ్లు పెట్టే కోళ్ల దాణా ఇంట్లో ఉంది కదా అని అది మాత్రం వేయొద్దు. అందులో సున్నం శాతం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంట్లో కలుపుకునేవాళ్లు బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క దగ్గరికి రానివ్వొద్దు.

మాంసకృత్తులకి ఖర్చులేని దారి చెదలు. పాత కుండలో తడిపిన ఆవుపేడ, గడ్డి, చింకి గోనె కుక్కి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించాలి. పొద్దున్న ఎత్తితే కుండ నిండా చెదలే. పిల్లల ముందు దులిపితే తల్లి పిలిచే పిలుపే మారిపోతుంది.

టీకాలు తోటలో కోళ్లు పెంచేవాళ్లు ఎక్కువగా వదిలేసే పని. కొక్కెర తెగులు ఒక్కసారి దూరిందా, మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నేను వేసిన వరుస ఇది: ఆరో రోజు లసోటా (కొక్కెర తెగులు టీకా), కంట్లో ఒక్క చుక్క, 14వ రోజు గంబోరో జబ్బు టీకా, అదీ చుక్కే, 28వ రోజు లసోటా మళ్లీ, ఈసారి నీళ్లలో, ఆరో వారం అమ్మోరు టీకా రెక్క పొరలో, ఎనిమిదో వారం ఆర్‌టుబి (ఇదీ కొక్కెర తెగులుకే), అర మిల్లీలీటరు చర్మం కింద సూది. ఆర్‌టుబి ఘాటైన టీకా, చిన్న పిల్లలకి వేస్తే అదే జబ్బు తెస్తుంది.

చిక్కంతా సీసాతోనే. చిన్న సీసా అంటేనే వంద, రెండు వందల మోతాదులు, నాకు కావాల్సింది ఎనిమిది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిల్చి రేపు వేద్దామంటే కుదరదు. అందుకే చుట్టుపక్కల నాలుగు ఇళ్లవాళ్లం ఒకే వారంలో కోళ్లని పొదగేసుకుంటున్నాం. టీకా తెచ్చేటప్పుడు ఫ్లాస్కులో ఐసు ఉండాలి, ఇంట్లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. చుక్క వేశాక పిల్ల కన్ను ఆర్పేదాకా పట్టుకోవాలి, లేకపోతే చుక్క బయటికి జారిపోతుంది. నీళ్లలో వేసేటప్పుడు బ్లీచింగు కలిసిన కుళాయి నీళ్లు వద్దు, టీకా చచ్చిపోతుంది. బావి నీళ్లలో లీటరుకి 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, రెండు గంటలు దాహం పట్టించి పెట్టాను.

నాలుగో వారంలో వాయుగుండం వాన మూడు రోజులు పట్టింది. గూటి రేకు అంచు నుంచి జల్లు లోపలికి కొట్టి ఊక తడిసింది. ఐదో రోజుకి రెండు పిల్లలు రెక్కలు వేలాడేసి ముడుచుకున్నాయి, రెట్టలో నెత్తురు. ఇది రక్తపారుడు, కాక్సీడియోసిస్. తడి ఊకలో ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి గుడ్లు రెండు మూడు రోజుల్లోనే ముదిరి, పొడిచి తిన్నప్పుడు కడుపులోకి పోతాయి. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకి ఎక్కువగా వస్తుంది. పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం నీళ్లలో ఐదు రోజులు ఇచ్చాను. మందుకన్నా ముందు చేసింది తడిసిన ఊకంతా ఎత్తేయడం, నేల మీద సున్నం చల్లి ఆరబెట్టడం, కొత్త ఊక రెండు అంగుళాలు పోయడం. అది చేయకుండా మందు పోస్తే మళ్లీ తిరగబెడుతుంది. రెండూ కోలుకున్నాయి. రేకు అంచుని అడుగున్నర పొడిగించాను, ఆ పని వానలకి ముందే చేసి ఉండాల్సింది.

గద్ద ఒక పిల్లని తీసుకుపోయింది, ఐదో వారంలో, పొద్దున పదింటప్పుడు. మామిడి చెట్ల కింద తిరిగినంతసేపు భయం లేదు, ఖాళీ మడి దాటేటప్పుడే తన్నుకుపోతుంది. ఇప్పుడు ఆ దారి పక్కన కంది మొక్కలు వేశాను, దూరడానికి చాటు దొరుకుతుంది. రాత్రి పూట ముంగిస, పందికొక్కు. గూటి చుట్టూ వల అరంగుళం సందుది వాడాను, అడుగు లోతు మట్టిలో పాతాను.

ఏడో వారంలో తల్లి పిల్లల్ని పొడిచి తరమడం మొదలెట్టింది. మళ్లీ గుడ్డుకి వస్తోందని అర్థం. పిల్లలకి నేల నుంచి రెండడుగుల ఎత్తున రెండంగుళాల లావు కర్ర దండె కట్టాను. ఎనిమిదో వారం ఆర్‌టుబి వేసిన వారానికి, కాపు అయిపోయిన బెండ మడిలోకి ఏడింటినీ వదిలాను. పురుగులు, ప్యూపాలు, కలుపు విత్తనాలు గీరి గీరి తింటున్నాయి. పది రోజులు ఉంచి తీసేస్తాను. పచ్చి రెట్ట వేళ్లని మాడ్చేస్తుంది కాబట్టి ఆ మడిలో వెంటనే నారు వేయను, మట్టి తిరగేసి, రెండు తడులు పెట్టి, మూడు వారాలు వదిలేశాకే వంగ నారు. పక్కన టమాటా మడి చుట్టూ మాత్రం నాలుగడుగుల వల ఉంది, ఇప్పటికే ఒక పుంజు పిల్ల దాని మీద కూర్చుని అవతలికి చూస్తోంది.