ఫ్యాన్లు ఆపితేనే కిన్నెర

ఆదివారం కదా ఆలస్యంగా లేవొచ్చనుకుంటే ఏడింటికే సెక్రటరీ అంకుల్ ఫోన్. నోటీసు బోర్డు మీద మేం అంటించిన నెలవారీ కచేరీల కాయితం చూశారట. "మైకు లేకుండా కచేరీ ఏంటమ్మా, వెనక కూర్చున్నవాళ్లకి ఏం వినపడుతుంది? ఖర్చు గురించైతే అసోసియేషన్ పెట్టుకుంటుందిలే" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. మా కాలనీ హాల్లో వినాయక చవితైనా పుట్టినరోజైనా రెండు నిలువెత్తు స్పీకర్లు దిగాల్సిందే కాబట్టి ఆయనకి ఇది మింగుడుపడటం కష్టమే. వెనక వరస అంటూ ఉండదంకుల్, అందరం చుట్టూ కూర్చుంటాం అని చెప్పాను. "సరే, చూద్దాం" అన్నారు. అంటే ఒప్పుకోలేదన్నమాట.

లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో ఇలాంటివి వింటూ వచ్చినవాళ్లమే మేమంతా. కానీ ప్రతిసారీ ఎల్బీ నగర్ వైపు నుంచి బంజారాహిల్స్ దాకా ఆ ట్రాఫిక్‌లో పడి పోయి, రాత్రి మళ్లీ పడుతూ రావడానికి ఓపిక చాలక, మన హాలేం పాపం చేసిందని మొదలుపెట్టాం. నెలకోసారి, శనివారం, ఆరున్నర నుంచి ఎనిమిది. టికెట్ లేదు, గుమ్మం దగ్గర డబ్బా ఉంటుంది. మొదట్లో గిటార్ పిల్లలు, ఒక వయొలిన్ మాస్టారు, ఒకసారి చెక్కభజన, అలా చేతికి ఎవరు దొరికితే వాళ్లతో లాగించాం. ఈసారి మాత్రం కాస్త ఆలోచించి వరస వేశాం. వచ్చే శనివారం కిన్నెర, కార్తీకంలో ఏకతార మీద వీరబ్రహ్మంగారి తత్వాలు, డిసెంబరు మొదట్లో డోళ్లతో దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గుకథ, సంక్రాంతి ముందు బుర్రకథ, ఫిబ్రవరిలో శ్రీకాకుళం నుంచి, జముకు అనే వాయిద్యంతో చెప్పే జముకుల కథ. తత్వాల గురించి దిగులు లేదు, పాడేవాళ్లు పక్క కాలనీలోనే ఉన్నారు, ఏ గదిలో కూర్చోబెట్టినా పాడేస్తారు. తలనొప్పంతా మిగతావాటితోనే.

టిఫిన్ అయ్యాక హాలుకి వెళ్లాం, అసలక్కడ చప్పుడు ఎలా ఉందో విందామని. మాతో ఉన్న కుర్రాడు గిటార్ తెచ్చి మధ్యలో కూర్చుని మెల్లగా మీటాడు. ఆరు ఫ్యాన్లూ తిరుగుతుంటే పది అడుగుల అవతల ఫ్యాన్ల గోలే తప్ప తీగ వినపడలేదు. గిటార్ సంగతే ఇలా ఉంటే కిన్నెర ఏం కావాలి? వెదురు బొంగుకి సొరబుర్రలు కట్టి, మీద మెట్లు అతికించి చేసే తీగవాయిద్యం అది. ఆరుబయట నలుగురిని కూర్చోబెట్టుకుని పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ చెప్పడానికి పనికొస్తుంది గానీ ఫ్యాన్లతో పోటీ పడేంత గొంతు దానికి లేదు. కాబట్టి ఫ్యాన్లు ఆపాల్సిందే. ఉక్కపోస్తుందని గొణిగేవాళ్లు గొణుగుతారు, కిటికీలన్నీ తెరిచిపెడదాం. పైగా హాలు వెనకే బోరు మోటారు. వాచ్‌మన్‌తో ఆ గంటన్నరా మోటారు వేయొద్దన్నాను. "ట్యాంకు నిండకపోతే నన్ను తిడతరు మేడం" అన్నాడు. ఐదింటికే వేసి నింపేయమన్నాను, అలాగేనన్నాడు. ఆ రోజు మళ్లీ గుర్తుచేయాలి.

కిన్నెర అనగానే అందరికీ దర్శనం మొగులయ్య గారే గుర్తొస్తారు. నాగర్‌కర్నూల్ వైపు మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర. 2021లో ఒక సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినపడింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి కూలి పని చేస్తున్న వీడియో మన ఫోన్లన్నిట్లో తిరిగింది. అది చూసినప్పటి నుంచి నాకు సభల్లో శాలువాలంటే చిరాకు పట్టుకుంది. మన కమిటీలోనూ ఇవాళ అదే గొడవ. శాలువా, మెమెంటో లేకపోతే బాగుండదు అని ఇద్దరు. ఆ రెంటికీ అయ్యే డబ్బు కూడా కవర్లోనే పెట్టేద్దాం, దారిఖర్చులు విడిగా ముందే పంపేద్దాం అని నేను. చివరికి పూలదండ ఒక్కటి మిగిలింది, మిగతాదంతా కవర్లోకే పోయింది. దండకి నేను అడ్డు చెప్పలేదు, ఫోటో దిగాలి కదా వాళ్లకి.

మధ్యాహ్నం జనగామ దగ్గరి ఒగ్గు బృందం పెద్దాయనతో మాట్లాడాను. కురుమల దేవుడు బీరప్ప కథ కావాలి, గంటన్నరలో అయిపోవాలి అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, "గంటన్నరల బీరప్ప పుట్టనే పుట్టడు మేడం" అన్నారు. నిజమే, రాత్రంతా చెప్పే కథ అది, కొన్నిచోట్ల రోజుల తరబడి సాగుతుంది. బీరప్ప పుట్టుక, అక్క మాంకాలి పెంపకం, కామరాతితో పెళ్లి, ఒక్కోటీ ఒక్కో రాత్రికి సరిపోతుంది. మనవాళ్లకేమో ఎనిమిది దాటితే వాచీల వైపు చూపులు. ఏం చేద్దామంటే ఆయనే దారి చెప్పారు: కథంతా కుదించి సారాంశంలా చెబితే ఒగ్గు పరువు పోతుంది, కామరాతి పెళ్లి ఘట్టం ఒక్కటే పట్టుకుని తీరిగ్గా చెబుతాం, ముందు వెనకలు రెండు మాటల్లో అంటాం అని. నాకు బాగా నచ్చింది. టైమింగు మాత్రం ఎనిమిదిన్నర అని రాసేశాను, ఎవరేమనుకున్నా.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు, డిసెంబరు దాటితే తమకి వీలు పడదని. సంక్రాంతి వస్తే ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర, ఆ రోజుల్లో ఒగ్గువాళ్లు దొరకరు. మా కాయితం మీద మొదట ఫిబ్రవరి అని ఉండేది, ముందే మార్చుకున్నాం కాబట్టి సరిపోయింది. ఇక చోటు. కిన్నెరకి ఆ హాలు పెద్దదైతే ఒగ్గుకి చిన్నది. నాలుగు డోళ్లు, తాళాలు కలిపి ఆ సిమెంటు గోడల మధ్య మోగితే చెవులు పోతాయి. ఆ డోళ్లు ఊరి బయట గుడి ముందు మోగడానికి పుట్టినవి, అందుకే పార్కు పక్కన ఖాళీ జాగాలో పెడుతున్నాం. సాయంత్రం యూట్యూబ్‌లో ఒగ్గుకథకి పేరుపడ్డ చుక్క సత్తయ్య గారి పాత రికార్డింగు పెట్టుకుని విన్నాను. 2017లో పోయారాయన. మైకు లేకుండా ఊరంతటికీ వినిపించే గొంతంటే ఎలా ఉంటుందో సెక్రటరీ అంకుల్‌కి కూడా ఇదొకసారి వినిపించాలి.

అంకుల్ అంటే గుర్తొచ్చింది, సాయంత్రం వాకింగ్‌లో మళ్లీ దొరికారు. ఈసారి బుర్రకథ మీద. ఆయనది గుంటూరు జిల్లా, చిన్నప్పుడు షేక్ నాజర్ గారి బుర్రకథ విన్నానని ఎప్పుడూ చెబుతుంటారు. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చినప్పుడు తమ ఊళ్లో స్వీట్లు పంచారట. అంత ఇష్టమున్న మనిషి, "బుర్రకథ పెట్టండమ్మా, బ్రహ్మాండం, కాకపోతే ఆ రాజకీయం చెప్పే వంతని కొంచెం తగ్గించమనండి, జనవరిలో అసోసియేషన్ ఎలక్షన్లున్నాయి" అన్నారు. నాకు నవ్వాగలేదు. తంబూరా పట్టుకున్న కథకుడికి అటు హాస్యం వంత, ఇటు రాజకీయం వంత ఉంటేనే అది బుర్రకథ. ఒక వంతని ఇంట్లో కూర్చోబెట్టి రమ్మంటే ఎలా? మీ మీద జోకు పడితే ముందు మీరే చప్పట్లు కొట్టాలంకుల్ అన్నాను. పెద్దగా నవ్వారు గానీ, కథకుడితో తను ఒకసారి మాట్లాడతానన్నారు. ఆ నంబరు ఆయనకి ఇవ్వకూడదు.

డప్పు సంగతి రాయడం మర్చిపోతున్నాను. ఒగ్గుకి ముందు పది నిమిషాలు డప్పు కొడతామని కాలేజీ పిల్లలు అడిగారు. డప్పంటే మేకతోలు, మంట మీద కాచకపోతే శృతికి రాదు, డిసెంబరు చలిలో, మంచులో మరీ మెత్తబడిపోతుంది. పార్కు దగ్గర మంట వేయడానికి వీల్లేదని ఒకావిడ గ్రూపులో అప్పుడే మెసేజ్ పెట్టారు. ఆవిడ భయం తప్పేమీ కాదు, అక్కడ ఎండుటాకులు గుట్టలుగా ఉంటాయి. గేటు అవతల రోడ్డు వారన పాత పేపర్లతో కాచుకుని, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, అక్కడి నుంచే వాయించుకుంటూ లోపలికి రమ్మన్నాను. వాళ్లకి ఇంకా హుషారొచ్చింది.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఫిబ్రవరిలో జముకుల కథ ఉందని చెప్పాను. టెక్కలి దగ్గర పెరిగింది కదా, జముకు అనగానే అరగంట వదల్లేదు. చర్మం మధ్య నుంచి వచ్చే ఆ తీగని లాగి వదులుతుంటే స్వరం మారుతూ ఉంటుందని, తను పిల్లప్పుడు ఆ చప్పుడు వింటే నవ్వొచ్చేదని చెప్పింది. ఇక్కడ తెలంగాణలో బైండ్లవాళ్లు ఎల్లమ్మ కథకి వాయించే జమిడిక కూడా దాదాపు ఇదే అంటే నమ్మలేదు. "అక్కడా ఉందా? నీకెవరు చెప్పారే?" అంది. అయితే ఫిబ్రవరిలో ఒకే సాయంత్రం జముకూ జమిడికా రెండూ పక్కపక్కన కూర్చోబెడితే ఎలా ఉంటుందో అనిపించింది. కమిటీని అడగాలి. డబ్బు రెండింతలవుతుంది, ఆ డబ్బాలో పడేదానితో సరిపోదు, ఎవరినైనా చందా అడగాలి. అమ్మ మాత్రం టికెట్ బుక్ చేసేయమంది, రైల్లో కింద బెర్తే కావాలట.

టెంట్ హౌస్ అతను శనివారానికి చాపలు లేవు, కార్పెట్లే ఉన్నాయన్నాడు. అవి దుమ్ము. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఇంకో చోట అడిగి చూడాలి.