విశాఖ చెమటలో చిన్న తుపాకీ: నడుముకు ఏది నిలుస్తుంది

మే నెల మధ్యాహ్నం జగదాంబ సెంటర్లో పది నిమిషాలు నిలబడితే బనియను ఒంటికి అతుక్కుపోతుంది. ఆ బనియనుకూ చొక్కాకూ మధ్య ముప్పావు కిలో ఇనుము పెట్టుకుని రోజుకు పది గంటలు తిరగాలి. స్కూటర్ మీద, ఆఫీసు కుర్చీలో, హోటల్ బల్ల దగ్గర. లైసెన్సు చేతికొచ్చి గన్ హౌస్ మెట్లెక్కేవాళ్ళలో ఈ లెక్క వేసుకునేవాళ్ళు తక్కువ. ఏసీ గదిలో చేతికి నిండుగా అనిపించినదాన్ని కొనేస్తారు. నెల తిరిగేసరికి అది బీరువాలో చేరుతుంది. ప్రాణహాని ఉందని దరఖాస్తు పెట్టి, విచారణలన్నీ దాటి తెచ్చుకున్న ఆయుధం ఇంట్లో ఉంటుంది, మనిషి బజార్లో ఉంటాడు. అందుకని తుపాకీ ఎంపికను బెల్టు దగ్గర మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. అయితే అంతకుముందు చట్టం మన ముందు ఏ సరుకు పెట్టిందో చూడాలి.

9 ఎంఎం సైన్యం, పోలీసుల బోరు (బోరంటే బ్యారెల్ లోపలి వెడల్పు). పౌరులకు నిషిద్ధం. అమెరికా వీడియోల్లో చూపించే చిన్న సైజు పిస్టళ్ళు చాలావరకు అవే కాబట్టి ఆ పోలికలు మనకు అక్కరకు రావు. మామూలు లైసెన్సుదారుకు విదేశీ తుపాకీ దిగుమతి చేసుకునే దారి 1980ల్లోనే మూసుకుపోయింది. మిగిలింది ప్రధానంగా దేశంలో తయారయ్యే .32, .22 (అంగుళాల్లో బోరు) రకాలు, చేతులు మారుతూ వస్తున్న పాత విదేశీ .32 పిస్టళ్ళు. నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అనకాపల్లి వైపు ఉన్నవాళ్ళు అక్కడి కలెక్టరు దగ్గరికి వెళ్ళాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు ఐదేళ్ళు. లైసెన్సు చెల్లే ప్రాంతం ఎంతవరకో దాని మీదే రాసి ఉంటుంది, చదువుకోండి. రాష్ట్రం వరకే ఉన్న లైసెన్సుతో సరుకు పనిమీద బరంపురానికో జైపూరుకో ఆయుధంతో వెళ్తే ఒడిశా సరిహద్దు దాటగానే అది నేరం.

ఇక రివాల్వర్లు. కాన్పూర్ కర్మాగారం .32 రివాల్వర్ పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ నమూనా మీద కట్టినది. మధ్యకు విరిచి తూటాలు పెట్టాలి. ఆరు తూటాలు, సుమారు 76 మిల్లీమీటర్ల బ్యారెల్, బరువు 700 గ్రాముల చుట్టూ. అదే నమూనాను తేలిక లోహంతో 500 గ్రాములకు దించి 2014లో నిర్భీక్ తెచ్చారు. 2023లో వచ్చిన ప్రబల్ 675 గ్రాములు. దీని సిలిండర్ (తూటాల గదులుండే గుండ్రటి భాగం) పక్కకు తెరుచుకుంటుంది, తుపాకీని మధ్యకు విరవనక్కర్లేదు. .22లో నిడర్ అని 250 గ్రాముల బుల్లి రివాల్వర్ ఉంది. జేబులో ఉన్నట్టే తెలియదు. కానీ .22 తూటాకు మందు అంటుకునేది అంచులో. అది పేలకపోయే అవకాశం మధ్యలో క్యాపు ఉన్న తూటా కంటే ఎక్కువ, బలమూ తక్కువ. వేళ్ళ నొప్పుల వల్ల .32 ట్రిగ్గర్ లాగలేనివాళ్ళకు తప్ప నేను దాన్ని సూచించను.

తేలికైనదే మేలని నిర్భీక్ వైపు పరుగెత్తకండి. .32 రివాల్వర్ తూటా వెనక్కి తన్నేది తక్కువే కాబట్టి బరువు తగ్గినందుకు చెయ్యి నొప్పెట్టదు. చిక్కంతా ట్రిగ్గర్‌తోనే. హ్యామర్ (తూటాను పేల్చే వెనకటి సుత్తి) వెనక్కి లాక్కోకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే ఐదారు కిలోల బలం పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. అర కిలో వస్తువును పట్టుకుని దాని మీద ఐదు కిలోల బలం పెడితే తుపాకీ మూతి పక్కకు లాగుతుంది. కొద్దిపాటి బరువు ఆ లాగుడుని ఆపుతుంది. అందుకే రోజూ మోయగలిగినవాళ్ళకు 675-700 గ్రాముల మధ్యది నయం.

పిస్టల్లో దేశీ రకం అశని, .32 ఏసీపీ. సన్నగా ఉంటుంది. రివాల్వర్ సిలిండర్ ఉబ్బెత్తుగా చొక్కాను తోస్తుంది, పిస్టల్ ఒంటికి పలకలా అతుక్కుంటుంది. ఆ ఒక్క గుణానికే చాలామంది పిస్టల్ కొంటారు. కానీ పిస్టల్ పని అడుగుతుంది. .32 ఏసీపీ తూటా అడుగు అంచు కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల డబ్బా) నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ ఒకదానికొకటి తగులుకుని బిగుసుకుంటాయి. స్లైడు (పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే పై భాగం) ఎంత లాగినా వదలదు, మ్యాగజైన్ బయటికి తీసి తూటాలు విప్పదీయాల్సిందే. పై అంచు ఎప్పుడూ ముందుండేలా ఒక్కొక్కటి పెట్టి, నిండాక మ్యాగజైన్ వెనక వైపు అరచేతికి రెండుసార్లు తట్టాలి. ఈ ఓపిక, నెలకోసారి మ్యాగజైన్ విప్పి తుడిచే అలవాటు లేనివాళ్ళు రివాల్వర్ దగ్గరే ఆగిపోవడం మంచిది. తూటా పేలకపోతే రివాల్వర్‌లో మళ్ళీ ట్రిగ్గర్ లాగితే చాలు, తర్వాతి గది ఎదురుగా వస్తుంది. పిస్టల్లో స్లైడు లాగి చెడ్డ తూటాను బయట పడెయ్యాలి, దానికి రెండు చేతులూ కావాలి.

రెండిటికీ .32 అనే పేరే గానీ తూటాలు వేరు. రివాల్వర్‌ది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పొడవు, పూర్తి అంచు. పిస్టల్‌ది .32 ఏసీపీ, పొట్టి. కౌంటర్ దగ్గర పెట్టె మీద పేరు చదివి, తయారీ సంవత్సరం చూసి తీసుకోండి. ఇత్తడి మీద పచ్చ మచ్చ ఉన్న పెట్టెను వెనక్కి ఇచ్చెయ్యండి.

దుకాణంలో చూడాల్సినవి తొందరపడకుండా చూడండి. మొదట సిలిండర్ తెరిచి, చాంబర్లన్నీ, అంటే తూటా గదులన్నీ, కళ్ళతో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి. తర్వాత హ్యామర్‌ను మెల్లగా పూర్తిగా వెనక్కి తెచ్చి, సిలిండర్‌ను వేళ్ళతో అటూ ఇటూ కదపండి. వెంట్రుక వాసి కదలిక ఉండొచ్చు, గడగడలాడకూడదు. ఆరు గదులకూ ఇలాగే. ఏదో ఒక గది దగ్గర హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చినా సిలిండర్ తాళం పడకపోతే, ఆ గదిలోని గుండు బ్యారెల్ నోటికి సరిగ్గా ఎదురుపడదు. సీసం చెక్కుకుపోయి పక్కకు చిమ్ముతుంది. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు మెకానిక్కులు ట్యాపెట్లకు వాడే ఫీలర్ గేజ్‌తో కొలవచ్చు. 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే బాగున్నట్టు. విరిచే రకమైతే మూసిన తర్వాత బ్యారెల్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, బందు దగ్గర లూజు తెలిసిపోతుంది. పాత పిస్టలైతే స్లైడు లాగి వదిలినప్పుడు ఆఖరిదాకా గట్టిగా వచ్చి మూసుకోవాలి. సాగిపోయిన స్ప్రింగు మీద ఎంత మంచి పేరు చెక్కి ఉన్నా అది ఇనుప ముక్కే.

చేతికి సరిపోవడం అంటే, పిడి అరచేతి మధ్యలో నిలిచి, చూపుడు వేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీద పడాలి. కణుపు గీత దాకా వెళ్తే పిడి మీకు చిన్నది, గోరంచు మాత్రమే అందితే పెద్దది. ఆడవాళ్ళు, సన్నటి చేతులవాళ్ళు చెక్క పిడి మార్పించుకోవచ్చు. దుకాణందారు అనుమతితో డమ్మీ తూటాలు పెట్టి పదిసార్లు ట్రిగ్గర్ లాగండి. పదోసారి మూతి వణికితే ఆ తుపాకీ మీకు కాదు.

కింద పడితే పేలుతుందా అన్నది కూడా అడగండి. హ్యామర్‌కు అడ్డు కట్టే ఏర్పాటు ఉందో లేదో తెలియని పాత రివాల్వర్‌లో హ్యామర్ కింది గది ఖాళీగా ఉంచాలి, ఐదు తూటాలే. ఫైరింగ్ పిన్ (తూటా క్యాపును కొట్టే సూది) అడ్డు లేని పాత పిస్టల్‌ని చాంబర్‌లో తూటాతో నడుముకు పెట్టుకోకూడదు.

ఇప్పుడు బెల్టు. ప్యాంటు షోరూం బెల్టు రెండు వారాల్లో వంగిపోయి తుపాకీ బయటికి వాలుతుంది, చొక్కా మీద గూనులా కనిపిస్తుంది. రెండు పొరల తోలు కుట్టిన, నాలుగు మిల్లీమీటర్ల మందం, 38 మిల్లీమీటర్ల వెడల్పు బెల్టు కావాలి. ప్యాంటు నడుము రెండంగుళాలు వదులుగా కుట్టించుకోండి. హోల్‌స్టర్ (తుపాకీ తొడుగు) ట్రిగ్గర్ గార్డును, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని, పూర్తిగా కప్పాలి. ఖాళీ తుపాకీ పెట్టి తలకిందులు చేసి ఊపితే జారకూడదు. తుపాకీ తీశాక హోల్‌స్టర్ నోరు మూసుకుపోకూడదు. మూసుకుపోతే తిరిగి పెట్టేటప్పుడు మడత ట్రిగ్గర్‌కు తగులుతుంది. పరధ్యానంగా పేలిన ఎన్నో తూటాలు తొడలో దిగింది ఇలాగే. హోల్‌స్టర్ లేకుండా ప్యాంటులో దోపుకోవడం ప్రమాదమే కాదు, 2016 ఆయుధాల నిబంధనలకు విరుద్ధం. బహిరంగ స్థలంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో సంచిలాంటి దాంట్లోనో, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉండాలి. తీసి చూపించడం కూడా నేరమే.

మన ఊళ్ళో తోలు హోల్‌స్టర్ స్పాంజిలా చెమట పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ అచ్చు హోల్‌స్టర్, దాని వెనక ఒంటికి తగిలే వైపు చెమట ఆపే పలక, ఈ జోడీ ఇక్కడికి సరైనది. కుడిచేతివాటం వాళ్ళకు కుడి తుంటి ఎముక వెనక పల్లంలో బాగా ఇముడుతుంది. లేత రంగు పలుచటి కాటన్ చొక్కా తడిస్తే అన్నీ చెప్పేస్తుంది. గళ్ళ చొక్కా, ముదురు రంగు, ఒక సైజు పెద్దది, టక్ చెయ్యకుండా వేసుకోండి. వంగేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు వంచండి. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేవాళ్ళు దానికొక్కదానికే విడి అర కేటాయించాలి. తాళంచెవి ట్రిగ్గర్ గార్డులో దూరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

తుప్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. బీచ్ రోడ్డు వెంట కిటికీ ఊచలు ఏమవుతున్నాయో చూస్తూనే ఉన్నాం. అదే ఉప్పు గాలి, దానికి తోడు చెమటలో ఉప్పు, నల్ల పాలిష్ ఉక్కు మీద ఒక్క రాత్రిలో ఎర్ర చుక్కలు పెడుతుంది. ఇంటికి రాగానే ఖాళీ చేసి, పొడి గుడ్డతో తుడిచి, తుపాకీ నూనె రెండు చుక్కలు పట్టించిన గుడ్డతో బయటంతా రాయాలి. రెండు నిమిషాల పని. వారానికోసారి పిడి చెక్కలు విప్పండి, చెమట వాటి కిందికే దిగి నిలుస్తుంది, అక్కడి గుంటలు బయటికి కనపడవు. హోల్‌స్టర్‌లోనే ఉంచి బీరువాలో పెట్టకండి. తాళమున్న ఇనుప పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి, వానాకాలంలో నెలకోసారి వాటిని ఎండబెట్టండి. నూనె మాత్రం తూటాలకు తగలనివ్వొద్దు, క్యాపు సందులోంచి దిగితే మందు చచ్చిపోవచ్చు.

నడుము మీద తిరిగే తూటాలను ఆరు నెలలకోసారి షూటింగ్ రేంజిలో కాల్చేసి కొత్తవి పెట్టుకోవడం నా సలహా. పిస్టల్లో రోజూ ఒకే తూటాను చాంబర్‌లోకి ఎక్కించి తీస్తుంటే గుండు కేసులోకి కుంగిపోతుంది. అలాంటిది పేలితే ఒత్తిడి పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు చూడండి, పొట్టిగా ఉంటే పక్కన పెట్టేయండి.

కాల్చడం సాధన అనుమతి ఉన్న రేంజిలోనే. ఏడు మీటర్ల దూరంలో ఐదు తూటాలు అరచేతి వెడల్పులో పడే వరకు దాన్ని నడుముకు పెట్టుకోకండి. .32 బలమైన తూటా కాదు, తగిలే చోటే దాని బలం. తూటాలు ఇంకో గదిలో పెట్టి, ఖాళీ తుపాకీతో తీసే క్రమం సాధన చెయ్యాలి: ఎడమ చెయ్యి చొక్కా అంచును పైకి ఎత్తుతుంది, కుడి చెయ్యి పిడిని పూర్తిగా పట్టుకుంటుంది, తుపాకీ నిటారుగా బయటికి వస్తుంది, లక్ష్యం వైపు తిరిగే వరకు వేలు ట్రిగ్గర్ బయటే.

కోర్టు, గుడి, నౌకాదళం ఆవరణల దగ్గరికి తుపాకీతో వెళ్ళకండి, ఆ రోజు ఇంట్లో తాళం వెయ్యండి. మందు తాగే చోటికి అసలే వద్దు. పెళ్ళిలో సంతోషానికి గాల్లో కాల్చినా 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

ఎన్నికలొస్తే ఆయుధం డిపాజిట్ చెయ్యమని స్టేషన్ నుంచి పిలుపు రావచ్చు. అక్కడ గాలి ఆడని గదిలో వారాల తరబడి ఉంటుంది. ఇచ్చే ముందు రోజు పూర్తిగా విప్పి తుడిచి, మామూలు కంటే చిక్కగా నూనె పట్టించి, బ్యారెల్ లోపల కూడా రాసి, నూనె కాగితంలో చుట్టి ఇవ్వండి. రసీదు మీద తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజు తూటాలు పెట్టే ముందు బ్యారెల్‌లోని ఆ చిక్కటి నూనెను మూడు నాలుగు గుడ్డ ముక్కలతో పూర్తిగా లాగెయ్యాలి.