1949లో లేని పేపర్: ఒక పాత జర్నల్ వెతుకులాట, నా అనుభవం

మా గైడ్ నా థీసిస్ మూడో చాప్టర్ చదువుతూ ఒక ఫుట్‌నోట్ కింద పెన్సిల్‌తో గీత గీశారు. "ఈ పేపర్ నువ్వు చూశావా?" అని అడిగారు. చూడలేదు. ఇంకొకరి థీసిస్‌లో ఉన్నదాన్ని అలాగే ఎక్కించాను. "చూడనిది రాయొద్దమ్మా. అసలుది తెచ్చి చూపించు" అన్నారు.

నా చేతిలో ఉన్న ఆధారం ఒక్క లైను: రచయిత ఇంటిపేరు, ఆ తర్వాత 'ప్రొ. ఐఆర్ఈ', 36, 1949, చివర ఒక పేజీ నంబరు. పేపర్ శీర్షిక లేదు. పాత రిఫరెన్సులు చాలా వరకు ఇలాగే పొట్టిగా ఉంటాయి.

లైబ్రరీ కేటలాగ్‌లో రచయిత పేరు కొట్టాను. విషయానికి సంబంధించిన మాటలు కొట్టాను. ఏవేవో పుస్తకాలు వచ్చాయి తప్ప ఇది రాలేదు. మన లైబ్రరీలో లేదేమో అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాను. చాప్టర్ ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడుతుంటే టెన్షన్ మొదలైంది. మూడో రోజు పీరియాడికల్స్ సెక్షన్‌కి వెళ్లి అక్కడున్న మేడమ్‌ని అడిగాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది.

ఆవిడ చీటీ చూసి, "కేటలాగ్‌లో పత్రికల పేర్లు ఉంటాయమ్మా, వాటి లోపలి వ్యాసాల పేర్లు ఉండవు. ముందు జర్నల్‌ని పట్టుకో. తర్వాత సంపుటి, ఆ తర్వాత పేజీ" అన్నారు. నాకు అంతా అక్కడే తేలికైపోయింది. వ్యాసాలను వెతకడానికి ఇండెక్సులు, డేటాబేసులు వేరుగా ఉంటాయి. అన్నిటినీ కలిపి వెతికే సెర్చ్ ఉన్న లైబ్రరీలూ ఉన్నాయి. కానీ శీర్షికే తెలియని పాత పేపర్‌కి జర్నల్ పేరు నుంచి వెళ్లడమే దగ్గర దారి.

ఐఆర్ఈ అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియో ఇంజినీర్స్. ప్రొ. అంటే ప్రొసీడింగ్స్, ఆ సంస్థ పత్రిక. 36 అనేది సంపుటి నంబరు. ఆ సంస్థ 1963లో ఇంకో ఇంజినీర్ల సంస్థతో కలిసి ఐట్రిపుల్ఈ అయింది. దాంతో పత్రిక పేరు కూడా 'ప్రొసీడింగ్స్ ఆఫ్ ది ఐట్రిపుల్ఈ'గా మారింది, సంపుటి నంబర్లు మాత్రం ఆగకుండా అదే వరసలో సాగాయి. జర్నల్స్ పేర్లు మారడం, రెండుగా చీలడం, ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మామూలే. 1665లో మొదలైన 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' కూడా 1887లో ఎ, బి అని రెండైంది. అందుకే కేటలాగ్‌లో జర్నల్ రికార్డు తెరిచాక 'పూర్వ నామం', 'తర్వాతి నామం' అనే లైన్లు తప్పకుండా చదవాలి. మా లైబ్రరీలో పాత పేరుతో వచ్చిన సంపుటాలన్నీ కొత్త పేరు కిందే పెట్టారు. ఐఆర్ఈ పేరు పట్టుకుని ర్యాకుల మధ్య ఎంత తిరిగినా అవి దొరికేవి కావు.

రికార్డులో హోల్డింగ్స్ అనే లైను చూడటం కూడా మేడమే నేర్పారు. ఏ సంపుటి నుంచి ఏ సంపుటి దాకా ఉన్నాయో అందులో ఉంటుంది. చివరి నంబరు తర్వాత చిన్న గీత పెట్టి వదిలేస్తే ఆ పత్రిక ఇంకా వస్తోందని అర్థం. మధ్యలో నంబర్లు తెగితే ఆ సంపుటాలు లేవని. ఇది చూడకుండా ర్యాకు దగ్గరికి వెళ్తే సగం రోజు పోతుంది.

కొత్త సంచికలు ముందు హాల్లో విడివిడిగా ఉంటాయి. ఏడాది నిండాక వాటిని కలిపి బైండ్ చేసి లోపలికి పంపుతారు. ఈ బౌండ్ వాల్యూమ్స్‌ని ఇంటికివ్వరు, అక్కడే చూసుకోవాలి. నేను 1949 సంపుటం తీశాను. రెండు చేతులతో ఎత్తాల్సిన బరువు. ఆ ఏడాది సంచికలన్నిటికీ పేజీ నంబర్లు ఒకే వరసలో నడుస్తాయి కాబట్టి ఏ నెలదో తెలియకపోయినా ఫర్వాలేదు. నేరుగా ఆ పేజీ తిప్పాను. అక్కడ వేరే ఎవరిదో వ్యాసం సగంలో ఉంది.

బైండు వెన్ను మీద చూస్తే 37 అని ఉంది. నా చీటీలో 36. అప్పుడు లెక్క వేశాను. ఈ పత్రిక మొదటి సంపుటి 1913లో వచ్చింది, అప్పటి నుంచి ఏడాదికొకటి. అంటే సంపుటి నంబరుకి 1912 కలిపితే సంవత్సరం రావాలి. 36 అయితే 1948. పక్కనున్న సంపుటం తీసి అదే పేజీ తిప్పాను. నేను వెతుకుతున్న ఇంటిపేరు పైనే కనిపించింది. పసుపుపచ్చగా మారిన కాగితం, అంచులు పెళుసుగా ఉన్నాయి, అచ్చు మాత్రం చక్కగా ఉంది. ఎవరో ఒకసారి తప్పు సంవత్సరం వేశారు, దాన్ని చూసి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆన్‌లైన్‌లో 1949 అని పెట్టి వెతికినప్పుడు ఎందుకు రాలేదో కూడా తెలిసింది. ఆ సంస్థ ఆన్‌లైన్ లైబ్రరీ ఐట్రిపుల్ఈ ఎక్స్‌ప్లోర్‌లో ఈ పాత సంపుటాలు ఉన్నాయి, కాకపోతే మా లైబ్రరీ చందా అంత వెనక్కి పోదు.

పేపర్ దొరికింది కదా అని వెంటనే మూసేయకండి. సంవత్సరం చివర్లో వచ్చే ఇండెక్సు చూడండి, తర్వాతి సంచికల్లో దిద్దుబాట్లు, పాఠకుల ఉత్తరాలు ఉన్నాయేమో చూడండి. నేను వాడుకోవాలనుకున్న ఒక సమీకరణంలో గుర్తు తప్పు పడిందని ఇంకో సంచికలో చిన్న సవరణ ఉంది. పేపర్ కాపీ ఒక్కటే తెచ్చుకుని ఉంటే ఆ తప్పు నా థీసిస్‌లోకి వచ్చేది.

కాపీ తీసేటప్పుడు మందపాటి బైండుని మెషీన్ మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది, లోపలి అంచు అక్షరాలూ పడవు. పైనుంచి తీసే స్కానర్ ఉంటే అదే వాడండి, లేదా అనుమతి అడిగి ఫోన్‌తో తీసుకోండి. సంపుటి, సంవత్సరం, మొదటి పేజీ, చివరి పేజీ అక్కడే రాసుకోండి. చూసిన సంపుటాన్ని మీరే ర్యాకులో పెట్టకుండా బల్ల మీద వదిలేయండి. తప్పు చోట పెట్టిన సంపుటం తర్వాతి మనిషికి లేనట్టే.

ఆ పేపర్ కింద ఉన్న రిఫరెన్సుల్లో ఒకటి నాకు కావాల్సి వచ్చింది. అది వేరే జర్నల్, ఆ సంపుటి మా హోల్డింగ్స్‌లో లేదు. వేరే లైబ్రరీ నుంచి తెప్పించమని ఫారం నింపాను. అందులో ఐఎస్ఎస్ఎన్ అడిగారు. జర్నల్‌కి ఉండే ఎనిమిది స్థానాల నంబరు అది, మధ్యలో చిన్న గీత, చివరి స్థానంలో ఒక్కోసారి ఎక్స్ అనే అక్షరం వస్తుంది. పేరు బాగా మారితే నంబరూ మారుతుంది, కాబట్టి ఆ సంవత్సరంలో ఉన్న పేరుకి చెందినదే ఇవ్వాలి. ఈసారి సంపుటికీ సంవత్సరానికీ పొత్తు కుదిరిందో లేదో ముందే సరిచూసి రాశాను. ఆరో రోజు మెయిల్‌లో స్కాన్ వచ్చింది. మొదటి పేజీ మూలన నేనెప్పుడూ చూడని ఒక లైబ్రరీ గుండ్రటి ముద్ర ఉంది.