టెల్లూరిక్ స్క్రూ: మూడో ఆదివారం

గొట్టం ఇవాళ నిలబడింది. 130 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం, దాని చుట్టూ తీగలా పాకిన గీత, గీత పొడవునా పరమాణు భారం వరసలో మూలకాల పేర్లు. ఇదే టెల్లూరిక్ స్క్రూ. మెండలీవ్ ఆవర్తన పట్టికకు ఏడేళ్ల ముందు, 1862లో, ఫ్రాన్స్ భూగర్భ శాస్త్రవేత్త షాంకుర్త్వా ప్యారిస్ సైన్స్ అకాడమీ ముందు పెట్టిన అమరిక ఇది. వ్యాసం అచ్చయినప్పుడు బొమ్మ పడలేదు, రసాయనవేత్తలు పెద్దగా పట్టించుకోలేదు. ఆ బొమ్మని చేత్తో చేసి చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక.

మూలకం భారం ఎంతో, కింది నుంచి అన్ని భాగాల ఎత్తులో గీత మీద దాని చోటు. ఆక్సిజన్ భారం 16 కాబట్టి చుట్టుకొలత 16 భాగాలు. గీత 45 డిగ్రీల వాలులో ఎక్కుతుంది, అంటే చుట్టుకి 16.

మారతహళ్లిలో హార్డ్‌వేర్ కొట్టు నుంచి 50 మి.మీ. గొట్టం తెచ్చా. దాని చుట్టుకొలత 15.7 సెం.మీ. మొదట 16 సెం.మీ. వెడల్పు గ్రాఫ్ కాగితాన్ని నేరుగా చుట్టేశా. అతుకు దగ్గర 3 మి.మీ. ఎక్కువై, ప్రతి చుట్టులోనూ గీత మెట్టులా విరిగింది. అంతా పీకేసి, ముందు చార్టు పేపరు చుట్టి, టైలరు టేపుతో కొలుస్తూ సరిగ్గా 16కి తెచ్చా. ఇప్పుడు ఒక భాగమంటే ఒక సెంటీమీటరు. గీతని మాత్రం గొట్టం మీద గీయకండి. కాగితం నేల మీద పరిచి, ఒకదానిపై ఒకటి ఎనిమిది 16 సెం.మీ. చదరాలు వేసి, ప్రతిదానికీ ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకి కర్ణం గీయండి. చుట్టగానే అన్నీ కలిసి ఒకే గీతవుతాయి.

లిథియం 7, సోడియం 23, పొటాషియం 39. గుణాల్లో ఒకే కుటుంబమైన ఈ మూడూ నిట్టనిలువుగా ఒకే వరసలోకి వచ్చినప్పుడు ఒళ్లు పులకరించింది. పక్కనే మెగ్నీషియం, కాల్షియం కూడా.

"నాన్నా, పొటాషియం పైన మాంగనీసేంటి?" అంది మా అమ్మాయి. దాని భారం 55 మరి. అదే కుటుంబంలోదై అక్కడికి రావలసిన రుబీడియం 85 దగ్గర, రెండు సెంటీమీటర్లు పక్కకి పోయింది. ఆక్సిజన్, గంధకం ఉన్న వరసలోకి వాటితో పోలిక లేని టైటానియం, బ్రోమిన్ వచ్చి కూర్చున్నాయి. కాల్షియం తర్వాత స్కాండియం నుంచి జింక్ దాకా పది లోహాలున్నాయి, 16 అనే చుట్టు వాటికి చాలదు. మెండలీవ్ తన పట్టికలో అడ్డ వరసల్ని పొడుగ్గా సాగనిచ్చాడు. ఆ తెగువ ఎంతటిదో ఈ గొట్టం తిప్పుతుంటేనే నాకు తెలిసింది.

పైకొస నాకింకా నచ్చలేదు. అయొడిన్ 127, టెల్లూరియం 128: గుణాల ప్రకారం టెల్లూరియం తర్వాత రావలసిన అయొడిన్ ఒక సెంటీమీటరు కిందే ఉండిపోయింది. 1913లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త మోస్లీ ఎక్స్‌రేలతో పరమాణు సంఖ్యలు (కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్క) తేల్చాకే ఆ తిరకాసుకి కారణం తెలిసింది. గొట్టంలో ఇంకో ముక్క మిగిలింది. వచ్చే ఆదివారం దానిమీద పరమాణు సంఖ్యలే వేస్తా, చుట్టుకి 8, అంకెకి 2 సెం.మీ.