చేపకి కూడా స్కానింగా?

ఆదివారం, రాత్రి పది దాటింది.

అమ్మ భీమవరం నుంచి వచ్చి మూడు వారాలు. "ఇంక నాకు మంచు చూపించకురా" అనేసింది నిన్న. అందుకని ఇవాళ అరటిచెట్లు చూపిస్తానని స్విట్జర్లాండ్ రాజధాని బెర్న్‌లో రైలెక్కించాను. నమ్మలేదు. దారంతా తెల్లటి కొండలేనాయె.

ఫ్రుటిగెన్‌లో దిగి, ట్రోపెన్‌హౌస్ అనే అద్దాల తోట తలుపు తోయగానే నా కళ్ళద్దాలకి ఆవిరి పట్టేసింది. తుడుచుకుని చూసేసరికి అమ్మ స్వెటర్ విప్పి భుజాన వేసుకుని, అరటి గెలకి ఎన్ని అత్తాలున్నాయో లెక్కపెడుతోంది. అద్దాల అవతల మంచు. ఇవతల బొప్పాయి.

"కరెంటు బిల్లు ఎంతొస్తుందో పాపం" అంది.

అప్పుడు చెప్పాను సొరంగం సంగతి. లోచ్‌బెర్గ్ కొండ అడుగున 34.6 కిలోమీటర్ల రైలు సొరంగం తవ్వారు, 2007లో తెరిచారు. పైన కురిసిన వాన, కరిగిన మంచు రాతి పగుళ్ళలోంచి దిగి, కొండ లోపలి వేడికి వెచ్చబడి సొరంగంలోకి ఊరతాయి. బయటికొచ్చే నీళ్ళు సుమారు 20 డిగ్రీలు. వాటిని అలాగే కాండర్ నదిలోకి వదిలితే, తూన్ సరస్సు నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వచ్చే ట్రౌట్ చేపలకి ముప్పు. ఎలాగూ చల్లార్చాలి కదా, ఆ వేడి ఊరికే పోవడమెందుకని 2009లో ఈ తోట, చేపల తొట్లు పెట్టారు. చేపల నీళ్ళలో మిగిలే రెట్టే మొక్కలకి ఎరువు.

"ఏటికి ఎదురెక్కే చేపల కోసమా ఇదంతా?" రెండుసార్లు అడిగింది. మా వైపు చేపల చెరువు పట్టుబడి అయ్యాక నీళ్ళు ఎక్కడికి వదులుతారో ఇద్దరికీ తెలుసు. డ్రైన్ మాట ఎవరం ఎత్తలేదు.

స్టర్జన్ చేపల తొట్టి దగ్గర మాత్రం అరగంట కదల్లేదు. పొడుగు మూతి, దాని కింద నాలుగు మీసాలు, పొలుసుల్లేవు, వీపు పొడవునా ఎముక బిళ్ళలు. "మొసలికీ వాలుగకీ పుట్టినట్టుంది. పులుసుకి పనికిరాదు" అని తేల్చేసింది. పెంచేది జన కోసం, అంటే గుడ్ల కోసమన్నాను. కేవియర్ అంటే మన చేప జనేనమ్మా, ఉప్పు పట్టించి డబ్బాలో పెడతారు, అంతే. ఆడ చేప జనకి రావడానికి అయిదారేళ్ళు పైనే పడుతుందనీ, ఏది ఆడో ఏది మగో పైకి తెలియదు గనక అల్ట్రాసౌండ్ తీస్తారనీ చెప్పాను.

"చేపకి స్కానింగా!" పక్కనున్న దొరసాని వెనక్కి తిరిగి చూసింది. "మన బొచ్చె ఏడాదిలో కాటాకెక్కుతుంది. ఆరేళ్ళు మేత ఎవడు పోస్తాడ్రా?" నా దగ్గర జవాబు లేదు. చిన్న డబ్బా మీద ధర చూశాక ఆమెకే దొరికినట్టుంది, ఇంకేమీ మాట్లాడలేదు.

బయటికొచ్చే ముందు మళ్ళీ అరటిచెట్టు దగ్గర ఆగింది. మొదట్లో మోకాలెత్తు పిలకలు రెండు.

"ఒకటి అడుగు, బాల్కనీలో పెట్టుకుందువు."

"అమ్మా, బయట సున్నా డిగ్రీలు."

"అడిగితే పోయేదేముంది?"

పిలకని జర్మన్‌లో ఏమంటారో తెలియదని తప్పించుకున్నాను. రైల్లో కూర్చున్నాక, ఫోన్ తీసి వెతకమంది.