పరగడుపు షుగర్ ఎక్కడి నుంచి వస్తుంది

ఈ రోజు రెండో సంవత్సరం నర్సింగ్ విద్యార్థినులకు టైప్ 2 మధుమేహం పాఠం మొదలుపెట్టాను. పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం క్లోమంతో ఆరంభమవుతుంది. నేను మాత్రం కాలేయంతో ఆరంభిస్తాను, ఎందుకంటే రేపు వార్డులో రోగుల బంధువులు వీళ్లను అడగబోయే మొదటి ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది: రాత్రి ఏమీ తినని మనిషికి పొద్దున్నే షుగర్ అంత ఎక్కువగా ఎందుకు చూపిస్తోంది?

ముందుగా బోర్డు మీద ఒక లెక్క వేశాను. పెద్దవాళ్ల శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. 100 మిల్లీలీటర్లకు 90 మిల్లీగ్రాముల చొప్పున చూస్తే అందులోని గ్లూకోజు మొత్తం 5 గ్రాములకు లోపే, అంటే ఒక టీస్పూను చక్కెరంత. మెదడుకు ఒక్కదానికే రోజుకు దాదాపు 120 గ్రాములు, అంటే గంటకు 5 గ్రాములు కావాలి. కాబట్టి మనం నిద్రపోతున్నంతసేపూ కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతూనే ఉండాలి. అది ముందు తనలో నిలవ ఉన్న సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్‌ను అంటే దాచుకున్న గ్లూకోజును, గాదెలోని ధాన్యంలా కొద్దికొద్దిగా తీసి ఇస్తుంది. దానితోపాటు కండరాల నుంచి వచ్చే లాక్టేటు, అమైనో ఆమ్లాలతోనూ, కొవ్వు కరిగినప్పుడు వచ్చే గ్లిసరాల్‌తోనూ కొత్త గ్లూకోజును తయారు చేస్తుంది. ఎంత వదలాలో నిర్ణయించేది ముఖ్యంగా క్లోమమే. అక్కడి నుంచి బయలుదేరిన ఇన్సులిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లు రెండూ పోర్టల్ సిర గుండా మిగతా శరీరం కంటే ముందు కాలేయానికే చేరతాయి. ఇన్సులిన్ ఆ ఉత్పత్తిని అదుపులో ఉంచుతుంది, గ్లూకగాన్ పెంచుతుంది.

ఈ సంగతి మొదట తేల్చినవాడు ప్యారిస్‌లో పనిచేసిన క్లోడ్ బెర్నార్డ్. చక్కెరను తయారు చేసేవి మొక్కలేనని, జంతువులు దానిని వాడుకోవడమే తప్ప తయారు చేయలేవని నమ్మే కాలంలో, 1848లో, మాంసం తప్ప మరేమీ పెట్టని కుక్క కాలేయం నుంచి బయటికి వచ్చే రక్తంలో అతనికి చక్కెర దొరికింది. 1855లో అప్పుడే తీసిన కాలేయంలోకి నీళ్లు ఎక్కించి, చక్కెర జాడ లేకుండా కడిగి, పక్కన పెట్టి మర్నాడు పరీక్షిస్తే అందులో మళ్లీ చక్కెర ఉంది. 1857 నాటికి గ్లైకోజెన్‌నే వేరు చేశాడు. ఇంత పాత విషయం ఇప్పటికీ మన ఇళ్లలోకి రాలేదన్నది నన్ను నిజంగా బాధపెడుతుంది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి కింది వాటాలో పిన్నిగారు గ్లూకోమీటరు పట్టుకుని నాకోసం చూస్తున్నారు. పొద్దున 172 వచ్చిందట. "రాత్రి ఏం తిన్నారో నిజం చెప్పండి అత్తయ్యా" అని కోడలు అడిగిందట. "రెండు పుల్కాలు, సొరకాయ కూర, అంతేనమ్మా. ఒట్టు" అన్నారు పిన్నిగారు నాతో, దాదాపు కన్నీళ్లతో. అంతకంటే ఆందోళన కలిగించిన సంగతి ఆ తర్వాత బయటపడింది. తన మాట నిజమని నిరూపించుకోవడానికి ఆవిడ కొన్నాళ్లుగా అప్పుడప్పుడు రాత్రి భోజనమే మానేస్తున్నారు, గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం వేసుకుంటున్నారు. ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్‌ను బలవంతంగా విడుదల చేయిస్తుంది. అన్నం లేకుండా అది వేసుకుంటే అర్ధరాత్రి షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. భోజనం మానవద్దని, ఈ విషయం వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాలని కోడలితో అన్నాను.

అప్పుడే పాత పొట్ట స్కానింగ్ రిపోర్టు అడిగి తెప్పించుకున్నాను. గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని ఉంది. దానిని గ్యాస్ డాక్టరు ఫైలులో పెట్టారు, షుగర్ కాగితాలు వేరే ఫైలులో ఉన్నాయి. ఆ రెండూ ఒకే జబ్బు కాగితాలని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. కొవ్వు పేరుకున్న కాలేయం ఇన్సులిన్ మాటను సగమే వింటుంది: గ్లూకోజు తయారీని తగ్గించమంటే తగ్గించదు, కొవ్వు తయారు చేయమంటే మాత్రం మానదు. దానికితోడు టైప్ 2 మధుమేహంలో గ్లూకగాన్ అణగవలసినంత అణగదు. తెల్లవారుజామున పెరిగే కార్టిసాల్, నిద్రలో విడుదలయ్యే గ్రోత్ హార్మోన్ కూడా చక్కెరను పైకి నెట్టేవే. ఆరోగ్యవంతుల క్లోమం ఆ వేళకు మరికొంచెం ఇన్సులిన్ వదిలి సరిచేస్తుంది, అలసిన క్లోమం ఆ పని చేయలేదు. రాత్రి భోజనానికి అసలు సంబంధమే లేదని నేను అనను, ఆలస్యంగా కడుపునిండా తింటే అదీ పొద్దుటి అంకెలో కనిపిస్తుంది. అయినా పిన్నిగారి 172లో దొంగతనంగా తిన్న పూతరేకులను వెతకడం అన్యాయం.

ఉదయం పాఠంలో ఒక అమ్మాయి పేగుల సంగతి అడిగింది. మంచి ప్రశ్న. గ్లూకోజును నోటి ద్వారా ఇస్తే, సిర ద్వారా ఇచ్చి రక్తంలో అంతే స్థాయికి తెచ్చినప్పటికంటే ఎక్కువ ఇన్సులిన్ విడుదలవుతుంది, ఎందుకంటే పేగు గోడ నుంచి వచ్చే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు క్లోమాన్ని ముందే సిద్ధం చేస్తాయి. టైప్ 2లో ఈ సాయం బలహీనపడుతుంది, ఆ లోపం ముఖ్యంగా తిన్న తర్వాతి అంకెలో తెలుస్తుంది. ఉత్త కడుపున మద్యం తాగి స్పృహ లేకుండా అత్యవసర విభాగానికి వచ్చేవాళ్ల సంగతీ చెప్పాను: కాలేయం మద్యాన్ని విరిచే పనిలో పడితే కొత్త గ్లూకోజు తయారీ ఆగిపోతుంది, నిలవ అంతకుముందే అయిపోయి ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

ఫ్యాటీ లివర్ అనగానే పిన్నిగారు భయపడ్డారు కానీ నాకు ఆశ కలిగించేది అదే. ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 11 మంది టైప్ 2 రోగులకు రోజుకు 600 కేలరీల ఆహారం ఇస్తే వారం తిరిగేసరికి కాలేయంలోని కొవ్వు 30 శాతం తగ్గింది, పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. అది వైద్యుల పర్యవేక్షణలో చేసింది, మాత్రలు వేసుకుంటూ ఇంట్లో అనుకరించవలసింది కాదు. ఆవిడ వాడుతున్న మెట్‌ఫార్మిన్ కూడా ప్రధానంగా కాలేయం చేసే గ్లూకోజు ఉత్పత్తినే తగ్గిస్తుంది.

చివరికి డాక్టరుగారికి చూపించడానికి ఒక కాగితం గీసి ఇచ్చాను. పడుకునే ముందు, రాత్రి 3 గంటలకు, పొద్దున లేవగానే, ఇలా కొన్ని రోజులు చూసి అంకెలు రాయాలి. పడుకునేటప్పుడే ఎక్కువగా ఉంటే సాయంత్రపు ఆహారమో మందో మార్చవలసి ఉంటుంది. ఆ అంకె, 3 గంటల అంకె రెండూ బాగుండి తెల్లవారేసరికి పెరిగితే అది కాలేయం, హార్మోన్ల పని. రాత్రి 3 గంటలకు 70 కంటే తక్కువ వస్తే మాత్రం పొద్దుటిదాకా ఆగకుండా ఆ క్షణమే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలని కోడలి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.